సీలో ఫైలు తెరవడం: ఏ మోడ్ ఎప్పుడు, దెబ్బ ఎక్కడ తగులుతుంది

సీ ప్రోగ్రాములో డేటా పోయేది ఎక్కువగా రాసేటప్పుడు కాదు, ఫైలు తెరిచేటప్పుడే. ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్‌కి ఇచ్చే రెండో ఆర్గ్యుమెంట్‌ని మోడ్ అంటారు, అందులో ఉండేది ఒకటో రెండో అక్షరాలు. పాత డేటా ఉండాలా పోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది. కాబట్టి మోడ్‌ని బట్టీ పట్టకుండా, అది ఏం చేస్తుందో తెలుసుకుని వాడాలి.

ఉదాహరణకి నెల్లూరు తీరాన్నే తీసుకుందాం. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న రైతులు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి రాసుకుంటారు. మన ఫైల్లో ఒక్కో కొలతకి ఒక్కో వరస ఉంటుంది: తేదీ, గుంట నంబరు, లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్, ఉప్పదనం.

2025-08-12 3 4.1 18

రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది గనుక తెల్లవారుజామున ఈ అంకె బాగా పడిపోతుంది. 3వ గుంట రోజురోజుకీ 4 కిందకి జారుతోందా అన్నది తెలియాలంటే పాత వరసలన్నీ చేతిలో ఉండాలి. ఇవాళ్టి అంకె ఒక్కటే ఉంటే ఏమీ తెలియదు.

కింద కోడు పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలే కొట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఫైల్, నల్, ఈఓఎఫ్ అనే మూడు మాత్రం పెద్దబడి.

ఫైల్ *ఎఫ్‌పి = ఎఫ్‌ఓపెన్("గుంటలు.టీఎక్స్‌టీ", "ఏ");
ఇఫ్ (ఎఫ్‌పి == నల్) {
    పీఎర్రర్("గుంటలు.టీఎక్స్‌టీ");
    రిటర్న్ 1;
}

పైన ఎస్‌టీడీఐఓ.హెచ్ ఇన్‌క్లూడ్ చేసి ఉండాలి. ఎఫ్‌ఓపెన్ తిరిగిచ్చేది ఫైలుని కాదు, ఫైల్ అనే స్ట్రక్చర్ అడ్రసుని. ఒక బఫరు (డేటా తాత్కాలికంగా ఆగే చోటు), ఇప్పుడు ఫైల్లో ఎక్కడున్నామన్న గుర్తు, ఫైలు అయిపోయిందన్న జెండా, తప్పు జరిగిందన్న జెండా, ఇవన్నీ ఆ స్ట్రక్చర్‌లోనే ఉంటాయి. స్ట్రీమ్ అనేది దీన్నే. ప్రోగ్రాము మొదలయ్యే సరికే మూడు స్ట్రీములు తెరిచి ఉంటాయి: ఎస్‌టీడీఇన్ (కీబోర్డు), ఎస్‌టీడీఔట్ (తెర), ఎస్‌టీడీఈఆర్ఆర్ (తెర మీదికే, తప్పుల సందేశాలకి). అందుకే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో ఫైల్లోకీ రాయొచ్చు, తెర మీదకీ రాయొచ్చు.

తెరవడం కుదరకపోతే ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తుంది, ఆ నల్ చెక్ ఎప్పుడూ ఎగ్గొట్టకండి. నల్‌ని పట్టుకుని ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ పిలిస్తే ప్రోగ్రాము కూలిపోతుంది, కారణం మాత్రం బయటపడదు. ఎర్ర్‌నో అనే చోట మిగిలిన ఎర్రర్ నంబరుకి అర్థాన్ని మాటల్లో చూపేది పీఎర్రర్. దాన్ని కూడా ఎఫ్‌ఓపెన్ విఫలమైన వెంటనే పిలవాలి. మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ పెడితే అది ఎర్రర్ నంబరుని మార్చేయొచ్చు, అప్పుడు కనబడే కారణం తప్పుడుది.

ఆ నంబర్లలో తరచూ తగిలేవి కొన్ని. 2 అంటే ఆ పేరుతో ఫైలు లేదు, లేదా దారిలో ఏదో ఫోల్డరు లేదు. ఎఫ్‌ఓపెన్ ఫైలుని పుట్టిస్తుంది కానీ ఫోల్డరుని పుట్టించదు. 13 అంటే అనుమతి లేదు. విండోస్‌లో ఇది వస్తే ముందు ఎక్సెల్ చూడండి: అదే ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంటే మన ప్రోగ్రాముకి రాసే అవకాశం ఇవ్వదు. 17 అంటే ఫైలు ముందే ఉంది. 24 అంటే తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి. లూపులో ఎఫ్‌ఓపెన్ పెట్టి ఎఫ్‌క్లోజ్ మరిచిపోతే వచ్చేది ఇదే. లినక్స్‌లో ఒక ప్రోగ్రాముకి మామూలుగా 1024 దాకా అనుమతి ఉంటుంది, అందులో మూడు ముందే ఖర్చయిపోయాయి.

2 వచ్చింది కానీ ఫైలు కళ్ల ముందే కనబడుతోందంటే కారణం రెండిట్లో ఒకటి. మొదటిది, ప్రోగ్రాము మీరనుకున్న ఫోల్డరులో నడవడం లేదు. ఉత్త ఫైలు పేరు ఇస్తే వెతికేది ప్రోగ్రాము నడుస్తున్న ఫోల్డరులో, సోర్సు ఫైలు ఉన్న ఫోల్డరులో కాదు. కోడ్‌బ్లాక్స్, వీఎస్ కోడ్, కాలేజీ ల్యాబుల్లో డాస్‌బాక్స్ మీద నడిచే టర్బో సీ, ఒక్కోదానికీ ఆ ఫోల్డరు వేరు. అనుమానం ఉంటే గెట్‌సీడబ్ల్యూడీతో ప్రింట్ చేసి చూడండి. టర్బో సీలో అయితే ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటకూడదు.

రెండో కారణం బ్యాక్‌స్లాష్. డీ డ్రైవులో నెల్లూరు అనే ఫోల్డరు, అందులో తోటపల్లి అనే ఫోల్డరు ఉన్నాయనుకోండి, పేర్లు ఇంగ్లీషులో. దారిని ఒక్క బ్యాక్‌స్లాష్‌తో రాస్తే, బ్యాక్‌స్లాష్ పక్కన వచ్చిన ఎన్ కొత్త వరస అయిపోతుంది, టీ ట్యాబ్ అయిపోతుంది. అలాంటి పేరుతో ఫైలు ఎక్కడా దొరకదు. ఫోల్డరు ఒంగోలు అయితే ఇంకో రకం చిక్కు: బ్యాక్‌స్లాష్ ఓ అనేదానికి సీలో అర్థం లేదు, జీసీసీ అనే కంపైలరు ఒక వార్నింగ్ ఇచ్చి స్లాష్‌ని మింగేస్తుంది. బ్యాక్‌స్లాష్‌ని రెండుసార్లు కొట్టండి, లేదా ముందుకి వాలిన / వాడండి. విండోస్ దాన్ని కూడా ఒప్పుకుంటుంది. మా మాటైతే ఎప్పుడూ / వాడటమే మేలు.

ఇక మోడ్‌లు. "ఆర్" చదవడానికి మాత్రమే, ఫైలు ముందే ఉండాలి. "ఏ" చివర కలపడానికి. ఫైలు లేకపోతే పుట్టిస్తుంది, ఉంటే పాతదాని జోలికి పోదు. ఎఫ్‌సీక్‌తో మొదటికి వెళ్లి రాసినా సరే, రాత చివరికే చేరుతుంది. రోజువారీ కొలతలకి కావలసింది ఇదే.

"డబ్ల్యూ" విషయంలో జాగ్రత్త. ఫైలు ఉంటే దాన్ని సున్నా బైట్లకి కోసేస్తుంది, అదీ తెరిచిన క్షణంలోనే. ఒక్క అక్షరం రాయకుండా ఎఫ్‌క్లోజ్ చేసినా పాత కొలతలు తిరిగి రావు. ఫైలు ఉందో లేదో చూద్దామని "డబ్ల్యూ"తో తెరవడం, మొదట "డబ్ల్యూ"తో పరీక్షించి ఆనక "ఏ"కి మార్చడం మరిచిపోవడం, ఈ రెండూ పంట కాలం లెక్కనంతా తుడిచిపెట్టే పనులు. కొత్త పంటకి కొత్త ఫైలు మొదలుపెట్టాలంటే "డబ్ల్యూఎక్స్" వాడండి. 2011 నాటి సీ ప్రమాణంలో వచ్చిన ఈ ఎక్స్, ఫైలు ముందే ఉంటే తెరవడానికే ఒప్పుకోదు. నల్ వస్తుంది, పాతది భద్రంగా ఉంటుంది. టర్బో సీకి ఈ ఎక్స్ తెలియదు.

ప్లస్ చేరిస్తే చదవడం, రాయడం రెండూ వస్తాయి. "ఆర్+" ఫైలుని కోయదు, మొదట్లో నిలబెడుతుంది. "డబ్ల్యూ+" మాత్రం కోసేస్తుంది. "ఏ+" చదవడం ఎక్కడ మొదలుపెడుతుందన్నది అన్ని కంపైలర్లలో ఒకేలా ఉండదు, కాబట్టి చదివే ముందు, మొదటికి తెచ్చే రీవైండ్ పిలవండి.

"ఆర్+"తో మధ్యలో ఒక అంకె దిద్దబోతే ఏమవుతుందో చూడండి. వరసలో ఇలా ఉంది:

3 4.1 18

4.1 తప్పు, 10.2 ఉండాలి. సరిగ్గా 4 దగ్గరికి ఎఫ్‌సీక్ చేసి 10.2 రాశాం. వచ్చేది ఇది:

3 10.218

ఫైలు పక్కకి జరిగి చోటివ్వదు. నాలుగు అక్షరాలు రాస్తే నాలుగు అక్షరాల మీద పడతాయి, ఇక్కడ ఖాళీ కూడా పోయింది. తరువాత ఎఫ్‌స్కాన్‌ఎఫ్ దీన్ని 10.218 అని చదివి, ఉప్పదనం కోసం కింద వరస తేదీలోకి దూరుతుంది. అక్కణ్ణుంచి అన్నీ తప్పే. దిద్దే అవసరముందని ముందే తెలిస్తే ప్రతి అంకెకీ నిర్ణీత వెడల్పు పెట్టి రాయండి. లేదంటే పాత ఫైలుని "ఆర్"తో చదువుతూ, దిద్దిన వరసలని కొత్త ఫైల్లోకి రాసి, చివర్లో పేరు మార్చండి. విండోస్‌లో ఆ పేరుతో ఫైలు ఉండగా రీనేమ్ పనిచేయదు, ముందు రిమూవ్ చేయాలి. లినక్స్‌లో నేరుగా జరిగిపోతుంది.

ప్లస్ మోడ్‌లన్నిటికీ ఒక నియమం ఉంది. రాసిన వెంటనే చదవకూడదు, చదివిన వెంటనే రాయకూడదు. రాత నుంచి చదువుకి మారే ముందు బఫరుని ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ గానీ ఎఫ్‌సీక్ గానీ పడాలి. చదువు నుంచి రాతకి మారే ముందు ఎఫ్‌సీక్ పడాలి, ఫైలు చివరిదాకా చదివేసి ఉంటే తప్ప. కదలనక్కర్లేకపోతే ఉన్నచోటి నుంచి సున్నా దూరం ఎఫ్‌సీక్ చేసినా చాలు. ఇది మరిస్తే ఒక కంప్యూటర్లో బాగానే నడుస్తుంది, ఇంకోదాంట్లో డేటా కలగాపులగం అవుతుంది.

బైనరీ "బీ" లినక్స్‌లో ఏ తేడా చేయదు. విండోస్‌లో మాత్రం అది లేకపోతే 10 అనే బైటు రాసినప్పుడల్లా ముందు 13 వచ్చి చేరుతుంది. స్ట్రక్చర్లని ఎఫ్‌రైట్‌తో రాస్తుంటే ఎక్కడో ఒక అంకెలో 10 తగులుతుంది, ఆ తరువాతి రికార్డులన్నీ ఒక బైటు జరిగిపోతాయి. చదివేటప్పుడు 26 అనే బైటు తగిలితే ఫైలు అక్కడికి అయిపోయిందనుకుంటుంది. స్ట్రక్చర్లకి ఎప్పుడూ "ఏబీ", "ఆర్‌బీ" వాడండి.

చదివే లూపులో "ఎఫ్‌ఈఓఎఫ్ కానంతవరకు" అని రాస్తే ఆఖరి వరస రెండుసార్లు వస్తుంది. ఆ జెండా లేచేది చివరి వరస చదివినప్పుడు కాదు, దాని తరువాత చదవబోయి ఏమీ దొరకనప్పుడు. ఒక్కో వరస చదివే ఎఫ్‌గెట్‌ఎస్ నల్ ఇచ్చేదాకా తిప్పండి, బయటికొచ్చాక తప్పు జెండా లేచిందేమో ఎఫ్‌ఎర్రర్‌తో చూడండి. ఒక్కో అక్షరం చదివే ఎఫ్‌గెట్‌సీ ఇచ్చేదాన్ని ఇంట్‌లోనే పెట్టాలి, క్యార్‌లో పెడితే ఫైలు అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్‌ని గుర్తుపట్టడం కుదరదు.

రాసింది వెంటనే డిస్కుకి పోదు, బఫరులో ఆగుతుంది. గుంట గట్టు మీది షెడ్డులో కరెంటు పోతే ఆ వరసలు పోయినట్టే. కొలత రాసిన ప్రతిసారీ ఎఫ్‌ఫ్లష్ చేస్తే డేటా ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వెళుతుంది. ప్రోగ్రాము కూలినా పోదు, కరెంటు పోతే మాత్రం అది చాలదు. లినక్స్‌లో ఆ పైన ఎఫ్‌సింక్, విండోస్‌లో పేరు ముందు ఒక అండర్‌స్కోర్ ఉండే కమిట్ పిలవాలి. రోజుకి నాలుగైదు కొలతలే గనుక వేగం గురించి ఆలోచించక్కర్లేదు.

ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువ కూడా చూడండి. పెన్‌డ్రైవు నిండిపోయిన సంగతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ దగ్గర బయటపడకపోవచ్చు, బఫరు ఖాళీ అయ్యేటప్పుడు తెలుస్తుంది, అంటే మూసేటప్పుడు. సున్నా కాక ఈఓఎఫ్ వస్తే రాత పూర్తికాలేదని అర్థం. ఫలితం ఏదైనా ఒకసారి మూసిన స్ట్రీమ్‌ని మళ్లీ వాడకూడదు, రెండోసారి మూయకూడదు.

ఫైలుకి తెలుగులోనే పేరు పెట్టాలనుకుంటే లినక్స్‌లో ఎఫ్‌ఓపెన్‌కి నేరుగా ఇవ్వొచ్చు. విండోస్‌లో ఎఫ్‌ఓపెన్ మామూలుగా పాత కోడ్‌పేజీ ప్రకారం చదువుతుంది, తెలుగు పేరు దొరకదు. అక్కడ వైడ్ అక్షరాలు తీసుకునే డబ్ల్యూఎఫ్‌ఓపెన్ వాడాలి, పేరు ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటుంది. లోపలి రాత తెలుగైతే బఫరు కొలత మారుతుంది. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకీ 3 బైట్లు, గుణింతానికి వేరే, పొల్లుకి వేరే. "నెల్లూరు"లో అలాంటివి ఎనిమిది, అంటే 24 బైట్లు, చివరి సున్నాతో 25. అరే 20 పెట్టి ఎఫ్‌గెట్‌ఎస్ పిలిస్తే 19 బైట్ల దగ్గర ఒక గుర్తు నడిమికి తెగి, తెర మీద చెత్త కనబడుతుంది. ఆ ఫైలుని పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసి ఉంటే మొదట్లో కంటికి కనబడని 3 బైట్లు కూడా ఉంటాయి. మొదటి వరసలో మాత్రమే తేదీ పోలిక తప్పుతుంటే వాటిని దాటేసి చదవండి.