ఏ సిగరెట్టుకు ఆ మందు: మానేవాళ్ళకు మందుల షాపతను చెప్పేది

ఒంగోలులో నాది మందుల షాపు. పాతికేళ్ళకు పైగా గోల్డ్ ఫ్లేక్ తాగి మానేసినవాణ్ణి. మా ఊళ్ళో పొగాకు అంటే తిండి పెట్టిన పంట, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ మంచు తడి ఆరకముందు పచ్చాకు కోసిన కూలీలకు తల తిరిగి వాంతులవడం ఇక్కడ అందరికీ తెలుసు. పొగ పీల్చకుండా, చర్మం గుండా ఎక్కిన నికోటిన్ చేసే పని అది. అందుకే "మనసు గట్టిగా ఉంటే చాలు" అని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఇది మనసుకే కాదు, ఒంటికీ సంబంధించినది.

మానాలని వచ్చినవాళ్ళకు ముందు ఒక పని చెబుతాను. ఒక వారం పాటు మామూలుగానే తాగండి. కాకపోతే పెట్టెలో ఒక చీటీ పెట్టుకుని, వెలిగించిన ప్రతిసారీ టైమూ చోటూ రాయండి. వారం తర్వాత చూస్తే, అన్ని సిగరెట్లూ ఒకటి కాదని తెలుస్తుంది. లేవగానే తాగేది ఒంటికి కావాలి. టీ కొట్టు దగ్గరిది స్నేహానికి. అన్నం తిన్నాక తాగేది నోటికి. బైకు దిగి షట్టరు తీసేలోపు తాగేది అసలు ఎందుకో మీకే తెలియదు. దేని మందు దానికి వెయ్యాలి.

తేదీ ఒకటి పెట్టుకోండి, ఆ రోజు నుంచి పూర్తిగా బంద్. తగ్గించుకుంటూ వచ్చేవాళ్ళు మిగిలిన నాలుగింటినీ గట్టిగా, లోతుగా లాగుతారు. ఒంటికి చేరేది పెద్దగా తగ్గదు. "లైట్" రకాలతోనూ ఇదే కథ. ఇంట్లో పెళ్ళి ఉన్న వారం వద్దు. రైతులైతే వేలాలు నడిచేటప్పుడు అసలు వద్దు, ధర టెన్షన్ ఒక్కటే చాలు.

పొద్దుటి సిగరెట్టు అన్నిటికన్నా మొండిది. రాత్రంతా నికోటిన్ అందక ఒళ్ళు అడుగుతుంటుంది. దానికితోడు మనవాళ్ళకు ఇంకో భయం, "అది లేకపోతే మోషన్ అవదు" అని. ఈ ప్రశ్న అడగడానికి పెద్దమనుషులు షాపు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడతారు. భయం అబద్ధమేమీ కాదు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, మానేశాక కొన్ని వారాలు మలబద్ధకం రావచ్చు. రాత్రి పడుకునే ముందు పెద్ద గ్లాసు నీళ్ళలో ఇసబ్‌గోల్ కలుపుకుని తాగండి, పొద్దున గోరువెచ్చని నీళ్ళు తాగి కాసేపు నడవండి. పేగులు మళ్ళీ దారిలో పడతాయి.

ఇక నికోటిన్ గమ్, అంటే పొగ లేకుండా నికోటిన్ అందించే నమిలే మందు. నా కౌంటరు దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "అన్నా, నువ్విచ్చింది పని చెయ్యట్లేదు, పైగా ఎక్కిళ్ళు" అని. ఎలా నమిలావంటే, చూయింగ్ గమ్ నమిలినట్టు టకటకా నమిలానంటాడు. అలా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మితో కలిసి పొట్టలోకి పోతుంది. ఎక్కిళ్ళు, గుండెల్లో మంట తప్ప ఫలితం ఉండదు. నెమ్మదిగా నమలాలి. నాలుక మీద మిరియపు ఘాటు తగలగానే ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్ళీ కాస్త నమిలి, ఈసారి రెండో వైపు పెట్టాలి. ఇలా అరగంట. నోటిలోపలి చర్మం నుంచే మందు ఎక్కాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు ముట్టుకోవద్దు. నోట్లో పులుపు ఉంటే మందు ఎక్కదు.

రెండో తప్పు పిసినారితనం. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఒకటి వేసుకుంటారు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి పడాలి. తర్వాత వ్యవధి పెంచుకుంటూ, మొత్తం పన్నెండు వారాలకు ఆపెయ్యాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవాళ్ళకు 2 మి.గ్రా. సరిపోకపోవచ్చు, 4 మి.గ్రా. కావాలి. దానికి డాక్టరు చీటీ ఉండాలి. కట్టుడు పళ్ళవాళ్ళకు చర్మం మీద అంటించుకునే నికోటిన్ ప్యాచీ నయం. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళూ గర్భిణులూ డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. సిగరెట్టు మానడానికి వేరెనిక్లిన్, బుప్రోపియాన్ అని బిళ్ళలూ ఉన్నాయి, అవీ డాక్టరు రాస్తేనే. ఫిట్స్ వచ్చేవాళ్ళకు బుప్రోపియాన్ పనికిరాదు.

టీ కొట్టు సంగతి. కొట్టుకు వెళ్ళడం ఎప్పటికీ మానెయ్యక్కర్లేదు, కానీ మొదటి నెల టీ ఇంట్లోనే కూర్చుని తాగండి. టీ, కాఫీ సగానికి తగ్గించండి కూడా. సిగరెట్టు పొగ ఒంట్లో కాఫీని త్వరగా ఖర్చయ్యేలా చేస్తుంది. పొగ ఆగిపోయాక అదే కప్పు ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. "మానేసినందుకే ఇదంతా" అని జనం మళ్ళీ వెలిగిస్తారు.

అన్నం తిన్నాక నోరు పీకుతుంది. అప్పుడు వక్కపొడి జోలికి పోకండి, వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే. గుట్కా, ఖైనీ సంగతి చెప్పక్కర్లేదు. ఎండు ఉసిరి ముక్క, లవంగం, సోంపు, వీటిలో ఏదైనా జేబులో పెట్టుకోండి. చెయ్యి కడుక్కోగానే కూర్చోకుండా వీధి చివరిదాకా వెళ్ళి రండి. కోరిక ఎంత గట్టిగా వచ్చినా సాధారణంగా ఐదు నిమిషాల్లో దిగిపోతుంది.

మందు పార్టీలు మొదటి రెండు మూడు నెలలు వద్దు. రెండో పెగ్గు తర్వాత "ఒక్క దమ్మే కదా బావా" అనేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. "డాక్టరు వద్దన్నాడు" అనేయండి. "మానేశాను" అంటే వాదన మొదలవుతుంది, డాక్టరు పేరు చెబితే ఎవరూ వాదించరు.

మొదటి మూడు రోజులు చిరాకు దారుణంగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చల్లబడుతుంది. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. నేను మానేసిన వారం మా ఇంట్లో టీవీ రిమోట్ దగ్గర కూడా నాతో ఎవరూ వాదించలేదు. దగ్గు పెరిగితే కంగారు పడకండి, ఊపిరితిత్తులు పేరుకున్న కఫాన్ని బయటకు నెడుతున్నట్టే. నెల దాటాక కూడా తగ్గకపోయినా, రక్తం పడినా పరీక్ష చేయించుకోవాలి. బరువు నాలుగైదు కిలోలు పెరగవచ్చు. పొట్ట తగ్గించే పని తర్వాత చూసుకుందాం.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఉబ్బసానికి డెరిఫిల్లిన్ లాంటివి వాడేవాళ్ళు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు, కొన్ని మానసిక వైద్యం బిళ్ళలు వాడేవాళ్ళు సిగరెట్టు మానేస్తే ఒంట్లో ఆ మందు మోతాదు పెరగవచ్చు. షుగరు ఉన్నవాళ్ళ రీడింగులూ మారవచ్చు. మానే ముందే మీ డాక్టరుకు చెప్పండి.

మధ్యలో ఒకటి తాగేస్తే "అయిపోయింది" అని పెట్టె కొనకండి. లూజు సిగరెట్టు ఒకటి తాగడం వేరు, పెట్టె ఇంటికి తేవడం వేరు. గమ్ ఆపకండి. ఏ గంటలో, ఎవరి పక్కన జారారో ఆ పాత చీటీలో రాయండి, మందు అక్కడ వెయ్యాలి. మాట్లాడాలనిపిస్తే సిగరెట్టు పెట్టె మీదే ముద్రించి ఉండే 1800-11-2356 నంబరు ఉంది. కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పెట్టె పారేసే ముందు ఆ నంబరు ఫోన్లో ఎక్కించుకోండి.