టోకు ధరల సూచీతో ద్రవ్యోల్బణాన్ని గమనించడం ఎలా?

టమాటా ధర పెరిగితే సంచి పట్టుకుని మార్కెట్‌కు వెళ్లిన రోజే తెలుస్తుంది. ఉక్కు, రసాయనాలు, నూలు ధరల సెగ కొనుగోలుదారుకు తగలడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ సెగను ముందే పసిగట్టడానికి మన దేశంలో ఎక్కువగా చూసేది టోకు ధరల సూచీని, అంటే డబ్ల్యూపీఐని. పేపర్లో వచ్చే ఒక్క శాతం అంకె దగ్గరే ఆగిపోతే దీనివల్ల ఉపయోగం తక్కువ. ఇక్కడి లెక్కలన్నీ 2011-12 ఆధార సంవత్సరంగా (అంటే ఆ ఏడాది ధరలను 100గా తీసుకుని), 697 సరుకులతో ఉన్న సిరీస్‌వి.

1. సూచీ అంకెలు తెచ్చుకోండి

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని ఆర్థిక సలహాదారు కార్యాలయం ప్రతి నెలా 14న, సెలవైతే ఆ తర్వాతి పనిదినాన, గత నెల సూచీని విడుదల చేస్తుంది. శాతాలు కాదు, సూచీ అంకెలే తీసుకోండి. కనీసం 25 నెలలవి ఎక్సెల్‌లో పెట్టుకోండి. ఐదు వరుసలు చాలు: మొత్తం సూచీ, ప్రాథమిక సరుకులు (వెయిటేజీ, అంటే మొత్తం సూచీలో నూటికి వాటా, 22.62), ఇంధనం-విద్యుత్ (13.15), తయారీ వస్తువులు (64.23), తయారీలోనే భాగమైన ఆహార ఉత్పత్తులు (9.12).

2. వార్షిక రేటు కట్టండి

ఈ నెల సూచీని నిరుడు ఇదే నెల సూచీతో భాగించి, 1 తీసేసి, 100తో గుణించాలి. నిరుడు 150, ఇప్పుడు 153 అయితే 2 శాతం.

3. ‘కోర్’ వేరు చేయండి

అసలు పని ఇక్కడే ఉంది. కూరగాయలు, ముడిచమురు మొత్తం సూచీని ఊపేస్తుంటాయి. కర్మాగారాల ధరల ఒత్తిడి కనిపించాలంటే ఆహారేతర తయారీ వస్తువులను విడదీయాలి. ఇదే కోర్ (55.11 అంటే 64.23 − 9.12):

(64.23 × తయారీ సూచీ − 9.12 × ఆహార ఉత్పత్తుల సూచీ) ÷ 55.11

తయారీ 140, ఆహార ఉత్పత్తులు 160 అనుకుంటే కోర్ 136.7 వస్తుంది. సూచీలకు బదులు వాటి వార్షిక శాతాలను ఈ సూత్రంలో పెట్టడం తరచూ జరిగే పొరపాటు. ముందు కోర్ సూచీ కట్టి, ఆ తర్వాతే శాతం తీయాలి.

4. పెంచింది ఎవరో చూడండి

వెయిటేజీని సూచీలో వచ్చిన మార్పుతో గుణించి, నిరుటి మొత్తం సూచీతో భాగించండి. మూల లోహాల వెయిటేజీ 9.65. వాటి సూచీ 140 నుంచి 147కు చేరి, నిరుటి మొత్తం సూచీ 150 అయితే 9.65 × 7 ÷ 150 = 0.45. అంటే మొత్తం రేటు 2 శాతమైతే, అందులో దాదాపు 0.45 వాటిదే అన్నమాట.

5. నిరుటి నీడను పట్టించుకోండి

2023 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా టోకు ద్రవ్యోల్బణం సున్నా కిందే ఉంది. 2022లో ధరలు బాగా ఎక్కువగా ఉండటం దానికి ఒక పెద్ద కారణం. అందుకే కోర్ సూచీని మూడు నెలల కిందటి దానితో కూడా పోల్చండి. మొత్తం సూచీతో ఈ పని చేస్తే మాత్రం చిక్కే. దాన్ని రుతువులకు తగ్గట్టు సవరించరు కాబట్టి టమాటా సీజన్ కూడా ద్రవ్యోల్బణంలా కనిపిస్తుంది.

6. తుది అంకె వచ్చేదాకా ఆగండి

మొదట వచ్చేది తాత్కాలిక అంకె. పది వారాల తర్వాత తుదిది వస్తుంది. 2022 మే రేటును మొదట 15.88 శాతమన్నారు, తుది లెక్కలో అది 16.63 అయింది. కాబట్టి తాత్కాలిక అంకెలను వేరే రంగులో ఉంచి, ప్రతి నెలా పాత వరుసలను కూడా మార్చండి.

దీన్ని చిల్లర ధరలతో ఎలా పోల్చాలి?

జాగ్రత్తగా. చిల్లర రేటును వినియోగదారుల ధరల సూచీ (సీపీఐ)తో కడతారు. టోకు రేటు 2021 ఏప్రిల్ నుంచి వరుసగా 18 నెలలు రెండంకెల్లో ఉంది. ఆ కాలంలో చిల్లర రేటు గరిష్ఠం 2022 ఏప్రిల్‌లో 7.79 శాతమే. టోకు సూచీలో ఇంటి అద్దె, ఫీజులు, వైద్యం వంటి సేవలు లేవు, పరోక్ష పన్నులు కూడా కలపరు. అందుకే జీఎస్టీ పెరిగినా తగ్గినా ఆ మార్పు ఇందులో నేరుగా కనిపించదు. రిజర్వ్ బ్యాంక్ 4 శాతం లక్ష్యం కూడా చిల్లర ధరలకు సంబంధించిందే. టోకు అంకె చూసి వడ్డీ రేటు ఊహించకండి.

కాంట్రాక్టుల్లో ధరల సవరణ నిబంధనకు ఈ సూచీ వాడేవారు ఏ గ్రూపు సూచీ, ఏ నెలది, తాత్కాలికమా తుదా అన్న మూడూ ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఆధార సంవత్సరం మారితే పాత, కొత్త అంకెలను నేరుగా పోల్చకూడదు. ఆ గ్రూపుకు ప్రకటించిన అనుసంధాన గుణకంతో (కొత్త సూచీని పాత సిరీస్ స్థాయికి తేవడానికి గుణించే అంకెతో) కలపాలి. 2004-05 సిరీస్ నుంచి 2011-12కు మారినప్పుడు మొత్తం సూచీకి అది 1.561. ఉక్కు బిల్లుకు ఆ మొత్తం గుణకమే వాడితే లెక్క తప్పుతుంది.