పాత కారులో కొత్త స్టీరియో బిగించే ముందు

• యాంప్లిఫయర్ పెడుతున్నారా? పవర్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఉండాలి. ఇంజిన్ వెనక రేకు కన్నంలో వైరు ఒరుసుకుని తొడుగు తెగితే నేరుగా బాడీకి షార్ట్ అవుతుంది. ఫ్యూజు యాంప్ పక్కన ఉంటే అది కాలదు, వైరే కాలుతుంది. ఆ కన్నం అంచుకి రబ్బరు గ్రామెట్ (వైరు ఒరుసుకోకుండా తొడిగే రింగు) తప్పనిసరి.

• పాత స్పీకర్ల నెగటివ్ వైర్లు బాడీకి కలిపి ఉన్నాయేమో మల్టీమీటరుతో చూడండి. కొన్ని పాత బళ్ళలో అలాగే ఉంటాయి. కొత్త స్టీరియోకి అవే తగిలిస్తే ఔట్‌పుట్ ఐసీ (స్పీకర్లని నడిపే చిప్) పోతుంది. ప్రతి స్పీకరుకీ విడిగా రెండు వైర్లు లాగాల్సిందే.

• సాధారణంగా పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటుకి. రెండూ బ్యాటరీకే ఇస్తే రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోవచ్చు.

• డోర్ స్పీకర్ కొనేముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి. లోతు చాలకపోతే దించిన అద్దానికి స్పీకరు వెనక మాగ్నెట్ తగులుతుంది.

• డబ్బు తక్కువైతే ముందువైపు స్పీకర్లే మార్చండి, వెనకవి తర్వాత చూసుకోవచ్చు. స్టీరియో పెట్టె మీద ‘50×4’ (నాలుగు చానెళ్ళకీ తలా 50 వాట్లు) అని ఉంటే నమ్మకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) చూడండి. స్టీరియో నిజంగా ఇచ్చేది చానెల్‌కి 15–20 వాట్లే.