విశాఖలో అందుబాటు అద్దెకు ఫ్లాటు: విజయనగరం వారికి

ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్లే మనవారు అద్దె ఒక్కటే కాక నిర్వహణ రుసుము, కరెంటు, రోజువారీ ప్రయాణం కలిపి నెల ఖర్చును లెక్కించుకోవాలి. నగరం నడిబొడ్డునే పట్టుకోకుండా, రైలు మార్గం వెంట ఉన్న పెందుర్తి, మన జిల్లాలోనిదే అయిన కొత్తవలస కూడా చూడడం మంచిది. వీధుల్లో స్వయంగా తిరిగి టూలెట్ బోర్డులు చూసుకుంటే బ్రోకరు కమిషను మిగులుతుంది. ఎండాకాలంలో బోరు ఎండుతుందా, ట్యాంకరు ఖర్చు ఎవరు భరిస్తారు అన్న సంగతి యజమానిని కాక పక్క ఫ్లాటువారిని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నా గట్టి నమ్మకం. ఇల్లు కళ్లారా చూడనిదే అడ్వాన్సు పంపవద్దు. అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు తిరిగి ఇచ్చే గడువును, ఖాళీ చేసేటప్పుడు రంగులకు పట్టుకునే మొత్తాన్ని అందులో స్పష్టంగా రాయించుకోవాలి.