అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు: కాలు జారకుండా, జారితే ఏం చేయాలో

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి అమెరికా వచ్చే పెద్దవాళ్లకు అందరూ మంచు గురించే జాగ్రత్తలు చెబుతారు. మంచు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇల్లు చూసుకోండి. ఎక్కువ మంది పడేది ఇంట్లోనే.

వచ్చిన కొత్తలో ఒళ్లు ఇంకా మన టైములోనే ఉంటుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. లైటు వేస్తే పిల్లల నిద్ర పాడవుతుందని చీకట్లో గోడ తడుముకుంటూ బాత్రూమ్‌కి బయల్దేరుతారు. చాలా ఇళ్లలో బేస్‌మెంట్ (నేల కింది గది) తలుపూ బాత్రూమ్ తలుపూ ఒక్కలాగే ఉంటాయి, ఒక్కోచోట పక్కపక్కనే కూడా. పొరపాటున అది తీసి అడుగు వేస్తే కింద మెట్లే. లైటు వేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్లగ్గులో గుచ్చితే మనిషి కదలగానే వెలిగే చిన్న లైట్లు దొరుకుతాయి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రెండు మూడు పెట్టించుకోండి. బేస్‌మెంట్ తలుపుకు పైన ఒక గొళ్లెం బిగించమనండి. పడుకోవడానికి గ్రౌండ్ ఫ్లోర్‌లో గది ఉంటే మొహమాటపడకుండా అదే అడగండి.

ఇక స్నానం. మొత్తం ఇంట్లో నన్ను బాగా భయపెట్టేది ఇదే. ఇక్కడ చాలా బాత్రూముల్లో టబ్బులో నిలబడే షవర్ చేయాలి. టబ్బు అంచు మోకాలికి కాస్త కిందుగా ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు తడి ఒంటికాలి మీద నిలబడాలి, కింద సబ్బు నీళ్లు. బయట పోసుకుందామంటే నేల మీద తూము ఉండదు, నీళ్లు అక్కడే నిలిచి ఇంకా జారుతుంది. చేతికి అందేది టవల్ ఆరేసే కడ్డీ ఒక్కటే. దాన్ని మాత్రం నమ్మకండి. ఇక్కడి గోడలు చాలావరకు ఇటుకవి కావు, చెక్క స్తంభాల మీద జిప్సం పలకలు. మనిషి బరువు పడితే కడ్డీ ఊడి చేతికి వస్తుంది. లోపలి చెక్కలోకి స్క్రూలు దిగేలా గ్రాబ్ బార్, అంటే పట్టుకోవడానికి గట్టి కడ్డీ, బిగించాలి. రబ్బరు కప్పుతో గోడకు అంటించేవి ఎప్పుడు ఊడతాయో చెప్పలేం. అద్దె ఇల్లయితే అపార్ట్‌మెంట్ ఆఫీసులోనో ఇంటి యజమానినో అడిగి బిగించుకోవచ్చు. టబ్బులోపల రబ్బరు మ్యాట్, ఒక షవర్ స్టూలు, చేత్తో పట్టుకునే షవర్ ఉంటే సగం భయం పోతుంది. స్టూలు మీద కూర్చుని స్నానం చేయడానికి నామోషీ ఎందుకు? మన ఇళ్లలో పీట మీద కూర్చుని పోసుకోలేదా?

చలికి సాక్సులు వేసుకుని చెక్క నేల మీదా మెట్ల మీదా తిరగకండి. అడుగున రబ్బరు చుక్కలున్నవి కొనిపించుకోండి, లేదా ఇంట్లోకి వేరే చెప్పులు పెట్టుకోండి. చీర కుచ్చిళ్లు, లుంగీ కాస్త పైకి కట్టుకోండి. మెట్ల మీద ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి. అంటే బట్టల బుట్ట మీరు మోయకూడదు.

బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడేవాళ్లకు చటుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు. మంచం అంచున కాళ్లు కిందికి వేసి ఒక నిమిషం కూర్చుని లేవండి. నిద్ర పట్టడం లేదని ఇక్కడ చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్రలు వేసుకోకండి. వాటిలో చాలావాటిలో ఉండేది డైఫెన్‌హైడ్రమైన్ అనే అలర్జీ మందు. పెద్ద వయసులో అది మత్తు, తికమక, తూలుడు తెస్తుంది.

మంచు కురిసిన రోజు కన్నా మర్నాటి ఉదయం ప్రమాదం. పగలు కరిగిన నీరు రాత్రికి గడ్డకట్టి, తారు రంగు కనబడేంత పల్చటి పొరగా ఉంటుంది. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. నేల తడిగా ఉందే అనుకుని అడుగేస్తారు. నడవక తప్పకపోతే వానాకాలం పొలం గట్టు మీద నడిచినట్టు, పాదమంతా ఆనించి చిన్న అడుగులు వేయండి. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు. ఉప్పు చల్లారు కదా అని ధీమా వద్దు, చలి బాగా ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు.

ఇన్ని చేసినా పడ్డారనుకోండి. వెంటనే లేవకండి. ఊపిరి తీసుకుని ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి, కాలు పొట్టిగా అయి బయటికి తిరిగినట్టుంటే ఎముక విరిగి ఉండొచ్చు. కదలకండి, ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయించండి. ఈలోగా దుప్పటి కప్పుకోండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి కాఫీ, నీళ్లు వద్దు. అమృతాంజనం రుద్దడం, పుత్తూరు కట్టు గుర్తు చేసుకుని కాలు లాగించుకోవడం అసలే వద్దు.

పెద్ద నొప్పి లేకపోతే పక్కకు తిరిగి, చేతులూ మోకాళ్ల మీదకు వచ్చి, గట్టి కుర్చీ దాకా పాకండి. రెండు చేతులూ సీటు మీద ఆనించి, ఒక పాదం ముందు పెట్టి లేచి, తిరిగి కూర్చోండి. చేతులు పట్టి లాగొద్దని మనవళ్లకు చెప్పండి, భుజం జారొచ్చు.

తలకు దెబ్బ తగిలి, మీరు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, బాగానే ఉన్నట్టనిపించినా ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్లాలి. లోపల మెల్లగా కారిన రక్తం రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత బయటపడుతుంది. మణికట్టు వాపు లాంటివైతే ఎక్స్‌రే ఉన్న అర్జంట్ కేర్ క్లినిక్ చాలు, ఖర్చు తక్కువ.

మనవాళ్లతో అసలు చిక్కు ఏమిటంటే, పడ్డా చెప్పరు. పిల్లలకు టెన్షన్ ఎందుకు, డాలర్లు దండగ అని నడుం పట్టుకుని వంట చేసేస్తారు. ఈ దాపరికం మనకే కాదులెండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో ఇక్కడ 65 దాటినవాళ్లలో ఏటా నలుగురిలో ఒకరు పడుతున్నారు, వాళ్లలో సగం మంది కూడా డాక్టరుకు చెప్పడం లేదు. ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ పడే అవకాశం రెట్టింపు. కాబట్టి సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే చెప్పేయండి.

పగలు ఒంటరిగా ఉంటే ఫోన్ జేబులోనో మెళ్లోనో ఉండాలి. సిమ్ పనిచేయకపోయినా, సిగ్నల్ ఉంటే ఇక్కడి ఫోన్ 911కి కలుస్తుంది. ఇంటి అడ్రసు, వాడే మందుల పేర్లు ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని చెప్పండి, చాలాచోట్ల ఫోన్‌లోనే దుబాసీని కలుపుతారు. ఆసుపత్రిలోనూ దుబాసీని అడగొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

డబ్బు లేదని ఎమర్జెన్సీలో వెనక్కి పంపకూడదని 1986 నుంచి చట్టం ఉంది. అయితే బిల్లు తర్వాత వస్తుంది, అంబులెన్స్‌కు విడిగా. అందుకే విజిటర్ ఇన్సూరెన్స్ విమానం ఎక్కకముందే తీసుకోండి. తక్కువ ప్రీమియం అని ఫిక్స్‌డ్ రకం కొంటే ఒక్కో చికిత్సకు ఒక మొత్తమే ఇస్తారు, మిగతాది మీరే కట్టాలి. కాంప్రహెన్సివ్ రకం కాస్త ఖరీదైనా తుంటి ఆపరేషన్ లాంటివాటికి అదే నయం. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రే సీడీ అడిగి తీసుకోండి. క్లెయిముకీ కావాలి, తిరిగి వెళ్లాక మన డాక్టరుకీ కావాలి.