హరాజుకులో ఫొటో తీసే ముందు ఒక్క మాట

టోక్యో వెళ్తున్నవాళ్లు అక్కడి హరాజుకు అనే ప్రాంతం ఎలాగూ చూస్తారు. అక్కడ తకేషితా వీధిలో జుట్టు నిండా రంగురంగుల క్లిప్పులు పెట్టుకున్న డెకోరా అమ్మాయిలో, గొడుగులా విచ్చుకున్న గౌన్లలో లొలీటా ఫ్యాషన్ వాళ్లో ఎదురైతే వెంటనే ఫోన్ ఎత్తకండి. ముందు "షషిన్ తొత్తెమో ఈ దెస్ కా?" అని అడగండి. ఫొటో తీసుకోవచ్చా అని అర్థం. చాలామంది సంతోషంగా నిలబడతారు. చేతులు అడ్డంగా పెట్టి చూపిస్తే మాత్రం వద్దని. చిన్నగా తల వంచి పక్కకు తప్పుకోండి.

ఇంకోటి, వాళ్ల అలంకరణను కాస్‌ప్లే అనకండి. కాస్‌ప్లే అంటే ఒక పాత్రలా వేషం వేయడం. వీళ్లు వేసుకున్నది వాళ్ల సొంత బట్టలు, ఒక్కో రిబ్బను ఏరుకుని కుట్టుకున్నవాళ్లూ ఉంటారు. అంత ఇష్టాన్ని వేషం అంటే మనసు చివుక్కుమంటుంది కదా!

వారం మధ్యలో కంటే ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. ఈ బట్టలు దుకాణాల్లో చూడాలంటే 1978 నుంచి ఉన్న లాఫోరే హరాజుకు భవనంలో కింది అంతస్తులకు దిగండి. తక్కువ ధరకు పాత బట్టలు కావాలంటే టోక్యోలోనే ఉన్న షిమొకితజావా ప్రాంతం నయం, అక్కడ సెకండ్ హ్యాండ్ షాపులు వీధి వీధికీ ఉంటాయి.