భూకంపం గీత చదవడం - 3వ భాగం: పీ, ఎస్ మధ్య ఖాళీ

పోయిన భాగంలో ఏ తరంగం నేలను ఎలా కదుపుతుందో చూశాం కదా, ఈసారి వాటితో లెక్క చేద్దాం: ఒక్క సీస్మోగ్రాఫ్ (నేల కదలికను గీతగా రాసే పరికరం) గీత చూసి భూకంపం ఎంత దూరంలో వచ్చిందో చెప్పడం.

భూకంపం నుంచి బయలుదేరే పీ తరంగం రాయిని తను వెళ్లే దిశలోనే నొక్కుతూ, సాగదీస్తూ పోతుంది, గట్టి రాతిలో సెకనుకు దాదాపు 6 కి.మీ. ఎస్ తరంగం రాయిని అడ్డంగా ఊపుతుంది, దాని వేగం సుమారు 3.5 కి.మీ. మాత్రమే. ఇద్దరూ ఒకేసారి బయలుదేరినా దూరం పెరిగేకొద్దీ ఎస్ వెనకబడుతుంది. మెరుపు కనబడ్డాక ఉరుము కోసం సెకన్లు లెక్కపెడతాం చూడండి, అదే పద్ధతి.

84 కి.మీ. దూరం తీసుకోండి. పీకి 14 సెకన్లు, ఎస్‌కి 24. తేడా 10, అంటే ఒక్కో సెకను తేడాకి 8.4 కి.మీ. భూకంపం సరిగ్గా ఎన్నింటికి మొదలైందో తెలియకపోయినా పర్లేదు, నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది అదే.

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. మధ్య దూరం 210 కి.మీ. అనుకుంటే తేడా 25 సెకన్లు రావాలి.

అసలు కష్టం ఎస్ మొదలైన చోటు పట్టుకోవడంలో ఉంది. గీత అన్నిటికన్నా పెద్దగా ఊగిన చోటే ఎస్ అనుకుంటారు చాలామంది, కానీ అది వెనక నెమ్మదిగా వచ్చే ఉపరితల తరంగం కావచ్చు, అందుకే శిఖరం కాదు, మొదలు చూడాలి. పీ కోసం నేల పైకీ కిందికీ కదలడాన్ని రాసిన గీత, ఎస్ కోసం పక్కలకు కదలడాన్ని రాసిన గీత చూస్తే తేలిగ్గా దొరుకుతాయి. ఇక్కడ 3 సెకన్లు తప్పితే దూరం 25 కి.మీ. తప్పుతుంది.

ఈ 8.4 కొన్ని వందల కిలోమీటర్లలోపే పనిచేస్తుంది. 2001 భుజ్ భూకంపాన్ని హైదరాబాద్ గీతతో ఇలా లెక్కిస్తే కుదరదు, ఎందుకంటే అంత దూరం వచ్చే తరంగాలు లోతుకు దిగి, ఇంకా వేగంగా పోయే రాతి గుండా వస్తాయి. అలాంటివాటికి ప్రయాణ కాలాల పట్టికలు వాడతారు.

దూరం తెలిసింది సరే, దిక్కు? ఒక్క స్టేషన్ సెకన్ల తేడాతో అది తేలదు. మూడు స్టేషన్లు, మ్యాప్, వృత్తలేఖిని కావాలి, వచ్చే భాగంలో చేద్దాం. ఈలోగా 10, 15, 20 సెకన్ల తేడాలకు దూరాలు కట్టి ఉంచుకోండి, వృత్తాలు గీసేటప్పుడు అవే వాడతాం.